‘వచ్చినాడు’ వేరు... ‘వచ్చుండాడు’ వేరు!

క్యాంపస్ ఇంటర్వ్యూలో మీ ఎదురుగా కూర్చున్నాయన, ‘హౌ లాంగ్ హ్యావ్ యు బీన్ లివింగ్ ఇన్ తిరుపతి?’ అని అడుగుతారు. నాలుగేళ్లని మీకు తెలుసు. కానీ నోట్లోంచి వచ్చేది ‘ఐ యామ్ లివింగ్ ఇన్ తిరుపతి సిన్స్ ఫోర్ ఇయర్స్’. డేటా స్ట్రక్చర్స్ ప్రశ్నలకు తడుముకోని వాళ్లు కూడా ఇక్కడ జారిపోతుంటారు. రూముకొచ్చి మళ్లీ పన్నెండు టెన్సుల పట్టిక ముందేసుకుంటారు. ఆ పట్టికను హైస్కూలు నుంచీ బట్టీ పడుతూనే ఉన్నారు కదా, మరి ఎందుకు పని చెయ్యలేదు?

ఇంగ్లిష్ క్రియ ఎన్ని రకాలుగా మారుతుందో పట్టిక చెబుతుంది. మీ మనసులో ఉన్న తెలుగు వాక్యం అందులో ఏ గడిలో పడుతుందో చెప్పదు. తెలుగులో ఒకే మాటతో నడిచిపోయే చోట ఇంగ్లిష్ రెండు దారులు అడుగుతుంది. తప్పులు ఎక్కువగా దొర్లేది ఆ చీలిక దగ్గరే.

‘వస్తాను’ తీసుకోండి. ‘రోజూ బస్సులో వస్తాను’, ‘రేపు వస్తాను’. మనకు ఒకే మాట. ఇంగ్లిష్‌లో మొదటిది ‘కమ్’, రెండోది ‘విల్ కమ్’. కాదనేటప్పుడు ఇది ఇంకా ప్రమాదం. ‘నైట్ షిఫ్ట్ చెయ్యను’ అన్నదాన్ని ‘ఐ డోంట్ వర్క్ నైట్ షిఫ్ట్స్’ అంటే ప్రస్తుతం నా పని వేళలు అవి కావని చెప్పినట్టు. ‘ఐ వోంట్’ అంటే ససేమిరా అన్నట్టు. శ్రీసిటీలోనో, రేణిగుంట చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనో షిఫ్టుల ఉద్యోగానికి వెళ్లినవాళ్లకు ఈ తేడా చిన్నదేం కాదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ‘గంగజాతర చూశావా?’ అని అడగాలి. ‘డిడ్ యు సీ’ అనాలా, ‘హ్యావ్ యు సీన్’ అనాలా? పుస్తకాల తెలుగులో రెండింటికీ ‘చూశావా’ సరిపోతుంది. కానీ మన ఇళ్లలో ఎలా మాట్లాడతారో గుర్తు తెచ్చుకోండి. ‘నిన్న జాతర చూసినావా?’ అంటారు. ఊరికి కొత్తగా వచ్చినవాణ్ని మాత్రం ‘ఎప్పుడైనా జాతర చూసుండావా?’ అని అడుగుతారు. మొదటిది ‘డిడ్ యు సీ’, రెండోది ‘హ్యావ్ యు సీన్’. ‘మామ వచ్చినాడు’ అంటే వచ్చిన సంగతి చెప్పడం. ‘మామ వచ్చుండాడు’ అంటే వచ్చి, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడని. ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే ఇదే! జరిగిపోయింది, కానీ ఇప్పటితో సంబంధం తెగలేదు. ‘మేం పోయేసరికి బస్సు పోయుండింది’ అన్నప్పుడు ‘హ్యాడ్ గాన్’ వచ్చేసినట్టే. ‘ఈపాటికి వచ్చుంటాడు’ అంటే ‘మస్ట్ హ్యావ్ కమ్’.

‘చదువుతా ఉండా’ను కూడా విడదీసి చూడండి. ‘చదువుతా’ అంటే ‘స్టడీయింగ్’, ‘ఉండా’ అంటే ‘యామ్’. ‘చదువుతున్నాను’లో అతుక్కుపోయిన రెండు ముక్కలూ మన యాసలో విడివిడిగా కనిపిస్తాయి. ‘వచ్చుండాడు’ దగ్గర మాత్రం ఒక మార్పు గుర్తుంచుకోవాలి. మనం ‘ఉండు’ వాడే చోట ఇంగ్లిష్ ‘హ్యావ్’ వాడుతుంది. పక్కనున్న తమిళంలోనూ ‘వందాన్’, ‘వందిరుక్కాన్’ అని ఇదే తేడా ఉంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది గానీ, యాస పంచుకోలేదు లెండి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడి ‘సినబ్బ కతలు’ చదివితే ఈ పలుకుబడి రుచి తెలుస్తుంది. హైదరాబాద్ హాస్టల్లో ఎవరో నవ్వారని మనవాళ్లు ముందుగా దాచేసేది ఈ యాసనే. ఇంగ్లిష్‌కు పనికొచ్చే సామాను అందులోనే ఉందని ఎవరూ చెప్పరు.

రెజ్యూమెల్లో కనిపించే ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ బీటెక్ ఇన్ 2024’ను ఈ లెక్కతో సరిచేయొచ్చు. సంవత్సరం చెప్పారంటే అది ‘చేసినా’. కాబట్టి ‘ఐ కంప్లీటెడ్’. సంవత్సరం తీసేస్తే ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్’ బాగానే ఉంటుంది.

అన్నిచోట్లా యాస కాపాడదు. మొదట చెప్పిన నాలుగేళ్ల ప్రశ్నకు మన ఊళ్లోనూ ‘నాలుగేండ్లుగా ఈడనే ఉండా’ అనే అంటాం. అది వర్తమానమే. ఇంగ్లిష్‌కు అది చాలదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా సాగుతున్నదని చెప్పాలంటే ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫోర్ ఇయర్స్’ అనాలి. ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎప్పట్నుంచో చెబితే ‘సిన్స్’. ఇది మాత్రం నోటికి అలవాటు చేసుకోవాల్సిందే.

ప్రశ్నల సంగతి సులువు. మనం చివర దీర్ఘం తీస్తే చాలు, ‘వెళ్లావు’ కాస్తా ‘వెళ్లావా’ అయిపోతుంది. ఇంగ్లిష్ ముందు ‘డిడ్’ను ఎక్కిస్తుంది. కండక్టర్ ఒక మనిషికి ఒక టికెట్టే కొడతాడు కదా! భూతకాలం టికెట్ ‘డిడ్’ తీసేసుకుంది, ఇక ‘గో’కు అక్కర్లేదు. అందుకే ‘డిడ్ యు వెంట్’ తప్పు, ‘డిడ్ యు గో’ ఒప్పు. ‘డిడ్ నాట్’, ‘డజ్’ వచ్చినా ఇదే లెక్క.

ఒకరి మాటను ఇంకొకరికి చేరవేసేటప్పుడు ఇంకో తిరకాసుంది. ‘అమ్మ వస్తానని చెప్పింది’. ఇందులో ‘వస్తాను’ అమ్మ నోటి మాట, యథాతథంగా ఉంది. ‘అని’ పుణ్యమా అని తెలుగులో ఏదీ మార్చక్కర్లేదు. దాన్నే దించేసి ‘మై మదర్ టోల్డ్ ఐ విల్ కమ్’ అంటే వచ్చేది మీరైపోతారు! ‘మై మదర్ సెడ్ షీ వుడ్ కమ్’ అనాలి. మనిషి మారాలి, కాలమూ ఒక మెట్టు వెనక్కి దిగాలి.

తప్పుల్ని దిద్దే యాప్‌లు బోలెడున్నాయి, మెయిల్ రాసేటప్పుడు వాడుకోండి. ఇంటర్వ్యూ గదిలో మాత్రం అవి పక్కన ఉండవు. దానికో చిన్న పని చేయండి. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగింది ఐదు వాక్యాల్లో, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే, ఫోన్‌లో రికార్డ్ చేయండి. వింటూ ఒక్కోదాన్నీ ఇంగ్లిష్‌లో చెప్పండి. తర్వాత అదే వాక్యాన్ని ప్రశ్నగా, కాదన్నట్టుగా, ఇంకొకరు చెప్పినట్టుగా తిప్పండి. ఈ రాత్రికి ఈ మూడింటితో మొదలుపెట్టొచ్చు: ‘పొద్దున కొండకు పోయినా’, ‘తమ్ముడు ఊరికి పోయుండాడు’, ‘రెండు నెలలుగా జావా నేర్చుకుంటా ఉండా’. మూడోది చూసి ‘యామ్ లెర్నింగ్’ అనేస్తే, పైన ‘ఫర్’, ‘సిన్స్’ చెప్పిన చోటికి ఇంకోసారి వెళ్లిరండి.