వార్తలో నిజమెంత? తోడు గ్రంథముల ఎన్నిక

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున ఉన్నత పాఠశాల చదువు ముగించు విద్యార్థులు వ్రాయు ఇంగ్లీషు పరీక్షకు ఒకప్పుడు ఒక ప్రత్యేకత ఉండెను. నిర్ణీతమైన పాఠ్యగ్రంథముతో పాటు, అదే విషయమును మరియొక వైపు నుండి చూచు వేరొక కృతిని విద్యార్థియే వెదకి తెచ్చుకొనవలసి యుండెను. అది నవల కావచ్చును, చలనచిత్రము కావచ్చును, ఒక్క ఛాయాచిత్రమైనను కావచ్చును. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆ పరీక్షకు ‘నిజము చెప్పుట’ అను పేర ఒక విభాగముండెను. దానికి నిర్ణయించిన కృతులలో ‘ఫ్రంట్‌లైన్’ అను టెలివిజన్ హాస్య ధారావాహిక యొకటి. తరువాత పాఠ్యప్రణాళిక మారినది, ఆ విభాగము పోయినది. ప్రశ్న మాత్రము పోలేదు. వార్త చెప్పువాడు జరిగినదానిని చూపుచున్నాడా, జరిగినట్లు తోచుదానిని అమర్చి చూపుచున్నాడా? సిడ్నీలో స్థిరపడిన తెలుగువారి బిడ్డలు నేడును అచ్చట ఇంగ్లీషు పరీక్షలు వ్రాయుచున్నారు. రేడియో ముందు కూర్చుండి వినువారికి పరీక్ష లేకున్నను ప్రశ్న ఉండనే ఉన్నది.

‘ఫ్రంట్‌లైన్’ 1994 మొదలు 1997 వరకు ఆ దేశపు ఎ.బి.సి.లో 39 భాగములుగా ప్రసారమైనది. రాబ్ సిచ్, జేన్ కెనెడీ, సాంటో సిలారో, టామ్ గ్లైస్నర్ అను నలుగురు దానిని రూపొందించిరి. కథానాయకుడు మైక్ మూర్ ఒక వార్తా కార్యక్రమమునకు వ్యాఖ్యాత. అతడు దుర్మార్గుడు కాడు. తాను సత్యమునకే సేవ చేయుచున్నానని మనస్ఫూర్తిగా నమ్మిన అహంభావి. ఈ రచనలోని పదునంతయు అచ్చటనే ఉన్నది. అబద్ధమాడుటకు అచ్చట ఎవరును కుట్ర పన్నరు. ప్రేక్షకుల లెక్క, పోటీ సంస్థ భయము, చాలని కాలము, ఇవి మూడును కలిసి ప్రతి సాయంకాలము నిజమును కొంచెము కొంచెముగా వంచుచుండును. మొదటి సంవత్సరపు భాగములలో ‘ముట్టడి’ అనునది యొకటి కలదు. దానిని చూచి నవ్వినవారు 1993 మార్చిలో న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగమున కాంగై అనుచోట జరిగిన సంఘటనను మరువరాదు. తుపాకులు పట్టినవారు పిల్లలను నిర్బంధించి ఒక ఇంట దాగియుండగా, టెలివిజన్ కార్యక్రమమువారు ఆ ఇంటికి టెలిఫోను చేసి, ఆ పిల్లలతో కూడ మాటాడి, ఆ సంభాషణను ప్రసారము చేసిరి. హాస్యమునకు ఆధారము అంత భయంకరమైనది.

ఇట్టి కృతికి తోడుగా దేనిని ఎన్నుకొనవలెను? విద్యార్థులు సాధారణముగా అటువంటిదే మరియొకటి తెత్తురు. ఒక వెక్కిరింతకు తోడు ఇంకొక వెక్కిరింత. ఎవలిన్ వా 1938లో ప్రకటించిన ‘స్కూప్’ నవలను తెచ్చిరనుకొందము. అబిసీనియా యుద్ధకాలమున విలేఖరిగా పోయి చూచినవాడు వ్రాసిన గ్రంథమది. పేరు పొరపాటున ఒక ప్రకృతి వ్యాసకర్త యుద్ధవిలేఖరిగా పంపబడుట కథ. చదువుటకు అంతకన్న ఉల్లాసకరమైనది అరుదు. కాని రెండు కృతులును ఒకే మాట చెప్పినచో రెండవదాని వలన వ్యాసమునకు పుటలు పెరుగును గాని ఆలోచన పెరుగదు. కురొసావా 1950లో తీసిన ‘రషోమాన్’ను తెచ్చువారును పెక్కురు. అది గొప్ప చిత్రమే. అయినను అందు సాక్షులు నలుగురు నాలుగు విధముల చెప్పుదురు. వార్తను తయారు చేసి అమ్ము యంత్రాంగము అందు లేదు. తోడు గ్రంథము ప్రధాన గ్రంథముతో తలయూచునది కాక, దానితో వాదము పెట్టుకొనునదై యుండవలెనని నా అభిప్రాయము.

వాదము పెట్టుకొను తోడునకు రేడియో చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ కలదు. 1938 అక్టోబరు 30వ తేది ఆదివారము రాత్రి అమెరికాలోని సి.బి.ఎస్. సంస్థ నుండి ఆర్సన్ వెల్స్ అను 23 ఏండ్ల యువకుని బృందము హెచ్.జి. వెల్స్ నవల ‘లోకముల యుద్ధము’ను నాటకముగా ప్రసారము చేసెను. ప్రసార రచన హవార్డ్ కాచ్‌ది. నృత్య సంగీతము వినిపించుచుండగా నడుమ వార్తలు చొరబడును. అంగారక గ్రహవాసులు న్యూ జెర్సీలోని గ్రోవర్స్ మిల్ అను పల్లెయందు దిగిరని విలేఖరి గొంతు చెప్పును. ఆ పాత్ర ధరించిన ఫ్రాంక్ రెడిక్ అంతకు ముందు సంవత్సరము హిండెన్‌బర్గ్ ఆకాశనౌక తగులబడినపుడు ఒక రేడియో విలేఖరి చేసిన ధ్వనిముద్రణమును మరల మరల విని, ఆ గొంతులోని తడబాటును నేర్చుకొనెను. శ్రోతలకు ఆ పద్ధతి నిజమనిపించుటకు మరియొక హేతువు గలదు. నెలదినముల క్రితమే మ్యూనిక్ సంక్షోభకాలమున కార్యక్రమములను మధ్యలో ఆపి వార్తలు చెప్పుట వారికి అలవాటైనది.

దేశమంతయు వీధులలోనికి పరుగెత్తెనని మరునాటి పత్రికలు వ్రాసెను. నేటికిని అదే కథ పాఠ్యపుస్తకములలో సయితము కనిపించును. ఇచ్చట విద్యార్థి నిలిచి చూడవలెను. ఆ రాత్రియే టెలిఫోనుపై 5,000 గృహములను ప్రశ్నించిన హూపర్ సంస్థకు, ఆ నాటకమును వినుచున్నామని చెప్పినవారు నూటికి ఇద్దరు మాత్రమే. అదే సమయమున ఎన్.బి.సి.లో ఎడ్గర్ బెర్గెన్ హాస్య కార్యక్రమము అత్యధిక జనప్రియముగా నడచుచుండెను. ప్రసారపు ఆరంభమునను నడుమను ఇది నాటకమని ప్రకటించుచునే యుండిరి. పది లక్షలకు పైగా జనులు భయపడిరను అంకె 1940లో ప్రిన్‌స్టన్ పండితుడు హాడ్లీ కాంట్రిల్ ప్రకటించిన గ్రంథము నుండి వ్యాపించినది. ఆయన బృందము విపులముగా ప్రశ్నించినవారు 135 మంది, వారిలో అధికసంఖ్యాకులు భయపడినట్లు ముందే తెలిసినందున ఎన్నుకొనబడినవారు. భయపడినవారు లేకపోలేదు; పోలీసు ఠాణాలకును పత్రికా కార్యాలయములకును టెలిఫోనులు వచ్చుట నిజమే. కాని దానిని దేశవ్యాప్తమైన కలవరముగా పెంచినవి పత్రికలు. ఆర్థికమాంద్య కాలమున తమ ప్రకటనల రాబడిని లాగుకొనుచున్న రేడియో నమ్మదగినది కాదని చూపుట వాటికి లాభము. ఈ విషయమును ఇటీవలి పరిశోధకులు, 2015లో గ్రంథము ప్రకటించిన బ్రాడ్ ష్వార్ట్‌జ్ మొదలగువారు, వివరముగా పరిశీలించిరి.

ప్రసార సాధనముల అసత్యమును గూర్చి వ్యాసము వ్రాయు విద్యార్థి, పత్రికలు పెంచిన ఆ కథనే ఉదాహరణగా చూపి మార్కులు కోరినచో, తాను పరిశీలింపదలచిన వలలో తానే చిక్కినవాడగును. కనుక ఈ నాటకమును తోడుగా తీసికొనువారు దానితోపాటు మరునాటి పత్రికను కూడ చేర్చి తీసికొనవలెను. అపుడు ‘ఫ్రంట్‌లైన్’తో వాదము మొదలగును. మైక్ మూర్ చేతిలో జనులు కేవలము మోసపోవువారు. 1938 నాటి శ్రోతలలో పెక్కుమంది మోసపోలేదు. వారిని మూర్ఖులుగా చూపుటయే ఒక అసత్యచిత్రణము. ఇట్లని రేడియో నిరపాయమని తలపరాదు. 1949 ఫిబ్రవరిలో ఈక్వడార్ రాజధాని కీటోలో ఇదే నాటకమును స్థానికముగా మార్చి ప్రసారము చేయగా, నిజము తెలిసి ఆగ్రహించిన గుంపు ఆ రేడియోయు ‘ఎల్ కొమెర్సియో’ పత్రికయు ఉన్న భవనమును తగులబెట్టెను, ప్రాణములు పోయినవి.

అబద్ధము చెప్పకయే అసత్యమును వినిపించు విద్య మనకు క్రొత్తది కాదు. ద్రోణపర్వమున ధర్మరాజు అశ్వత్థామ మరణమును బిగ్గరగా చెప్పి, చచ్చినది ఏనుగని మెల్లగా పలికెను. మా వృత్తివారి భాషలో చెప్పవలెనన్న, అది మాటలోని దోషము కాదు, ధ్వనిస్థాయిలోని దోషము. స్టూడియోలో ఇట్టి అవకాశములు దినమునకు పది వచ్చును. ఒక పెద్దమనిషిని ప్రశ్న అడిగినపుడు, ఆయన అయిదు క్షణములు మౌనము వహించి ‘అవును’ అనెననుకొందము. కాలము చాలదని ఆ మౌనమును కత్తిరించినచో ఒక్క మాటయు మారదు. జవాబు మాత్రము మారిపోవును. సంకోచించినవాడు నిస్సంకోచుడగును. దృశ్యసాధనమునను ఇంతే. 1855లో క్రిమియా యుద్ధభూమిలో రోజర్ ఫెంటన్ ఒకే బాటను రెండు మారులు చిత్రించెను. ఒక చిత్రమున ఫిరంగిగుండ్లు ప్రక్క పల్లమున ఉన్నవి, మరియొక దాన బాటమీద పరచుకొని ఉన్నవి. ఏది ముందు తీసినది, ఎవరు జరిపిరి అను ప్రశ్న నూటయేబది ఏండ్లకును విడువలేదు. చిన్న తరగతుల పిల్లలకు ఈ రెండు చిత్రములే చాలును.

గంభీరమైన గద్యము కోరువారికి జార్జి ఆర్వెల్ 1938లో ప్రకటించిన ‘హోమేజ్ టు కాటలోనియా’ తగినది. 1937 మే నెలలో బార్సిలోనా వీధులలో జరిగిన పోరాటమును ఆయన కన్నులార చూచెను. తరువాత ఇంగ్లండు పత్రికలలో దానిని గూర్చి చదివి నివ్వెరపోయెను. పత్రికల వ్రాతలను ఒక్కొక్కటిగా ఖండించిన పిమ్మట, తానును ఒక పక్షమువాడనేనని, తన మాటను కూడ జాగ్రత్తగా చదువుకొనుడని పాఠకుని హెచ్చరించెను. ఈ హెచ్చరిక మైక్ మూర్ నోట ఎన్నటికిని రాదు. రెండు కృతులకును మధ్యనున్న దూరమంతయు దానిలో తెలియును. ఈ ఆర్వెలే 1941 నుండి 1943 వరకు బి.బి.సి. ప్రాచ్యవిభాగమున చేరి భారతదేశమునకు యుద్ధకాల ప్రసారములు సిద్ధపరచుట గమనార్హము.

నన్నడిగినచో మొదట చేతికీయదగినది జాన్ హెర్సీ ‘హిరోషిమా’. 1946 ఆగస్టు 31 నాటి ‘న్యూయార్కర్’ పత్రిక ఆ సంచికనంతయు ఆ రచనకే విడిచెను. బాంబు పడినపుడు ఎవరెచ్చట ఏమి చేయుచుండిరో, ఆరుగురు మనుష్యుల ద్వారమున చెప్పును. ఆవేశము లేదు, విశేషణములు లేవు. అట్లని అది అమరికలేని రచన అనుకొనరాదు. బ్రతికిన వేలాదిమందిలో ఈ ఆరుగురినే ఏల ఎన్నుకొనెను, ఏ గంట వద్ద మొదలుపెట్టెను అని అడిగినచో నిజము చెప్పువాడును నిజమును కూర్చవలసియే యున్నదని విద్యార్థి గ్రహించును. ఆ సెప్టెంబరులోనే అమెరికా రేడియోలో నాలుగు రాత్రులు, రాత్రికి అరగంట చొప్పున, దానిని చదివి వినిపించిరి. ఇంగ్లీషు తెలిసిన ఇంటివారు ఆ గ్రంథములోని మొదటి ప్రకరణమును బిగ్గరగా చదివి, తరువాత ‘ముట్టడి’ భాగమును చూచి, రెంటిలో ఎవరి పేర్లు చెప్పబడినవో, ఎవరి పేర్లు చెప్పబడలేదో ఒక కాగితముపై వ్రాసికొనవచ్చును. వ్యాసమునకు మొదటి పేరా అచ్చటనే దొరకును.