కర్మాగారపు నేలను కడుగు యంత్రము

చిలుము పట్టిన ఇత్తడి బిందెను తోముటకు మన ఇండ్లలో ఏమి చేయుదురు? చింతపండు పులుసు రాచి కొంతసేపు అట్లే ఉంచుదురు. తరువాత కొబ్బరిపీచుతో రుద్దుదురు. జిడ్డు కూడ ఉన్నచో వేడినీళ్లు పోయుదురు. ఇందులో నాలుగు శక్తులు కలిసి పనిచేయుచున్నవి. చింతపండులోని ఆమ్లము రసాయనిక శక్తి. పీచు రాపిడి యాంత్రిక శక్తి. మూడవది నానుటకు పట్టిన కాలము, నాలుగవది ఉష్ణము.

జర్మనీలోని హెంకెల్ సంస్థలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ అను నిపుణుడు 1959లో ఈ నాలుగింటిని ఒకే వృత్తములోని భాగములుగా చూపెను. ఒక భాగము తగ్గినను శుభ్రత తగ్గకుండవలెనన్నచో, తక్కినవాటిలో ఏదో ఒకటి పెరిగి తీరవలెను. పీచు లేనినాడు బిందెను ఎక్కువసేపు నానబెట్టవలసి వచ్చుట ఇందువలననే. కర్మాగారములలో, గిడ్డంగులలో, రైల్వే స్టేషనులలో నేల కడుగు యంత్రములను రూపొందించువారికి ఈ వృత్తమే లెక్కల పలకవంటిది.

నాలుగింటిలో ముందుగా తగ్గింపదగినది రసాయనమే. ఏలయన, నేలపై పోసినది నేలపై ఉండిపోదు. 1950 ప్రాంతమున సబ్బుకు బదులు క్రొత్త డిటర్జెంట్లు వాడుకలోనికి రాగా ఐరోపా, అమెరికా నదులపై తెల్లని నురుగు గుట్టలుగా తేలినది. ఆ డిటర్జెంట్ల అణువులలో కర్బనపు గొలుసు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉండెను. నీటిలోని బాక్టీరియా తిన్నని గొలుసును కొసనుండి కొరుకుచు పోగలవు గాని, కొమ్మ ఎదురైనచోట ఆగిపోవును. పశ్చిమ జర్మనీ 1961లో దీనిపై చట్టము చేయగా అది 1964లో అమలులోనికి వచ్చెను. అమెరికాలో 1965 నాటికి తయారీదారులే తిన్నని గొలుసుగల పదార్థమునకు మారిరి. నురుగు తగ్గెను. అయినను ఎంత త్వరగా విఘటనమగు రసాయనమైనను అసలు వాడనిదానికంటె మేలుకాదు గదా!

యంత్రపు నిర్మాణము కష్టమైనది కాదు. ముందు ఒక తొట్టిలో మంచినీరు, వెనుక మరొక తొట్టిలో మురికినీరు. నడుమ తిరుగు కుంచెలు నేలను రుద్దును. వెనుకనున్న వంపు తిరిగిన రబ్బరు పట్టీ నీటిని ఒకచోటికి చేర్చును. అక్కడినుండి పీల్చు పంఖా దానిని మురికి తొట్టిలోనికి లాగును. బకెట్టులో గుడ్డ ముంచి తుడుచునపుడు రెండు మూడు మార్లు ముంచులోపల మురికినీటితోనే నేలను అలుకుచుందుము. ఈ యంత్రమున నేలను తాకిన నీరు మరల నేలపైకి రాదు. నేలయు వెంటనే ఆరుటచే పనివారు జారిపడు అపాయము తగ్గును.

40 లీటర్ల తొట్టిలో నూటికి ఒక పాలు చొప్పున డిటర్జెంటు కలుపుటకు 400 మిల్లీలీటర్లు చాలును. మరికొంత పోసిన మరింత మెరయునని పనివాడు ఒక గ్లాసెడు అదనముగా పోయును. అప్పుడు నేలపై జిగురుపొర నిలిచి క్రొత్త దుమ్మును పట్టుకొనును, మరునాడు నేల మరింత మాసియుండును. తొట్టిలో నురుగు పొంగి పంఖాను చేరినచో మోటారు చెడును. పని ముగిసినపిదప మిగిలిన ద్రావణము వృథాగా కాలువ పాలగును. అందుచే కొన్ని యంత్రములలో డిటర్జెంటును వేరుగా చిన్న పాత్రలో ఉంచి, కుంచెవద్దకు పోవు నీటిలో అవసరమైనంతయే కలియునట్లు చేసిరి. యంత్రము నిదానించిన నీటిధార తగ్గును, ఆగిన ధారయు ఆగును.

రసాయనము తగ్గినపుడు రాపిడి పెరుగవలెను. నేలకు బల్లపరుపుగా తిరుగు పళ్లెపు కుంచె బరువు విశాలస్థలముపై పరచుకొనును. పొర్లుడుకఱ్ఱవలె దొర్లు స్తంభాకారపు కుంచె నేలను సన్నని గీతవెంట మాత్రమే తాకుటచే అదే బరువుకు అచట ఒత్తిడి హెచ్చును. గరుకు నేలలకు, పలకల సందులకు ఇది తగినది. నున్నని నేలకు పళ్లెమే చాలును.

రాపిడికి విద్యుత్తు కావలెను, కనుక రసాయనములో మిగిలినది కొంత ఇచ్చట ఖర్చగును. 24 వోల్టుల, 200 ఆంపియర్-గంటల బ్యాటరీలో నిలువయగునది 4.8 యూనిట్లు. సీసపు బ్యాటరీని ఛార్జి చేయునపుడు కొంత విద్యుత్తు వేడిగా పోవును, హైడ్రోజను వెలువడును, కావున గదికి గాలి ఆడవలెను. లిథియం బ్యాటరీలో నష్టము తక్కువ. సీసమును కరిగించి మరల వాడుకొనుట సులభమే గాని, తగిన జాగ్రత్తలేని కొలిమిలో ఆ పొగ చుట్టుపట్ల పిల్లలకు విషమగును.

యంత్రము సేకరించిన మురికినీటిలో కర్మాగారపు నూనెలు, లోహపు పొడి ఉండును. దానిని వాననీటి కాలువలో వదలినచో నేల మురికి చెరువు చేరినట్లే. శుద్ధిచేయు తొట్లకు పంపవలసినదే.

ఇక విడిభాగముల సంగతి. నీటిని పోగుచేయు రబ్బరు పట్టీ అంచు అరిగినంతనే నేలపై నీటిచారలు మిగులును. చాల యంత్రములలో ఈ పట్టీకి నాలుగు అంచులును పనికివచ్చును. ఒకటి అరిగినపుడు త్రిప్పి బిగించిన రెండవది, అదియు అరిగిన మూడవది, నాలుగవది. మరలను పనిముట్లు లేకయే చేతితో విప్పగలిగినచోట పనివాడు పట్టీని త్రిప్పును, లేనిచోట క్రొత్తది తెప్పించును.