రంగుల తేడాను లెక్కకట్టు విధము

ఒకే చీరకై రెండుసార్లు అద్దిన నూలు దీపపు వెలుతురున ఒకటిగా కనబడి, ఎండలో వేరుగా తేలుట కలదు. అప్పటికి నేత ముగిసియుండును, నష్టము నేతగానిదే.

ఈ చిక్కును ముందే కనుగొనవచ్చును. వర్ణమాపక యంత్రము నూలునుండి మరలివచ్చు కాంతిని కొలుచును. కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ ఆ కొలతను మూడంకెలుగా మార్చును: ఒకటి వెలుగును, ఒకటి ఎరుపు-ఆకుపచ్చలను, ఒకటి పసుపు-నీలములను తెలుపును. అంతర్జాతీయ కాంతి సంఘము 1976లో ఈ పద్ధతిని నిర్ణయించినది. మాదిరి నూలు అంకెలకును, కొత్త నూలు అంకెలకును గల దూరమే రంగు తేడా. అది 1కి లోపున్నచో సామాన్యముగా కంటికి తెలియదు. పగటి వెలుగున ఎంతయో, దీపపు వెలుగున ఎంతయో వేర్వేరుగా లెక్కించి చూపును.

తడి నూలు ముదురుగా కనబడును గనుక ఆరిన పిదపనే కొలువవలెను. మొదటి అద్దకపు చిలప నొకదానిని మాదిరిగా దాచియుంచుడని నేత సోదరులకు మా మనవి. నూలుగా నున్నప్పుడు తేడాను దిద్దవచ్చును. నేసిన పిదప దిద్దుట దుర్లభము.