రక్తపరీక్షలో పొటాషియము: అంకె చూచి ఏమి చేయవలెను?

గత వేసవిలో ఒకనాటి సాయంకాలము చింతాద్రిపేట సభ్యుని కుమారుడు రక్తపరీక్ష కాగితము చేతబట్టుకొని సంఘము ఆఫీసుకు పరుగున వచ్చినాడు. "సెక్రటరీ గారూ, నాన్నకు పొటాషియం 6.1 ఉందట. గుండె ఆగిపోతుందని పక్కింటివాళ్ళు అంటున్నారు" అని కంటనీరు పెట్టుకొన్నాడు. తండ్రి మాత్రము మగ్గము దిగలేదు.

వెంటనే ఆటోలో సెంట్రల్ స్టేషను ఎదుటనున్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి తీసికొనిపోయినాము. ఇ.సి.జి. బాగున్నది. మరల రక్తము తీసి చూడగా 4.6 వచ్చినది. మొదట రక్తము తీసినచోట నరము దొరకక, పట్టీ బిగించి, పిడికిలి పదేపదే మూసి తెరువుమన్నారట.

ఇందులోని కిటుకు మన వృత్తివారికి సులభముగా తెలియును. శరీరములోని పొటాషియములో నూటికి 98 పాళ్ళు కణముల లోపలనే ఉండును. పరీక్షలో కొలిచేది వెలుపలి కొద్దిపాటినే. రంగు పట్టిన చిలపలను తొట్టిలో మోటుగా పిండితే నీటికి రంగు దిగదా? అట్లే పిడికిలి బిగించినప్పుడు కండరము నుండియు, సూదిలో చితికిన ఎర్రకణముల నుండియు పొటాషియము బయటికి వచ్చి అంకె పెరుగును. గొట్టములోని రక్తమును గంటల తరబడి ఐసులో ఉంచినను ఇంతే. పిడికిలి సంగతి 1961లోనే లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చినది. కాగితము మీద 'హిమోలైజ్డ్' అని ఉంటే కణములు చితికినవని అర్థము, మరల తీయించవలెను.

ఈ ముచ్చట నేను పదిమందికి చెప్పినాను. చెప్పిన తీరులోనే పొరపాటు చేసినాను. నెల తిరుగకముందే మరొక పెద్దాయనకు 6.9 వచ్చినది. ఇంటివారు "సెక్రటరీ గారు చెప్పలేదా, రక్తము సరిగా తీసియుండరు" అని ఆ రాత్రి ఊరకున్నారు. తెల్లవారుసరికి ఆయన కాళ్ళు కదలలేదు. కాల్షియము ఇంజక్షను, ఇన్సులిన్‌తో గ్లూకోజు, పిమ్మట డయాలిసిస్ చేసి బ్రతికించినారు. ఆయనకు ఏండ్ల తరబడి మధుమేహము, మూత్రపిండములు బలహీనము. రక్తపోటుకు టెల్మిసార్టాన్, మోకాళ్ళ నొప్పికి అంగట్లో కొన్న డైక్లోఫెనాక్, ఎండకు దినమునకు రెండు ఎళనీరు బోండాలు! ఆ అంకె నిజమైనదే.

కావున తప్పు అంకె అవునో కాదో ఇంటిలో తేల్చరాదు. పెద్దవారికి 3.5 మొదలు 5.0 వరకు మామూలు. లేబొరేటరీని బట్టి స్వల్పముగా మారును. మిల్లీమోల్ అని వేసినను, మిల్లీ ఈక్వివలెంట్ అని వేసినను అంకె ఒక్కటే. 5.5 దాటితే ఆలస్యము లేక డాక్టరుకు చూపవలెను. 6 దాటితే ఆ దినమే ఆస్పత్రికి పోయి ఇ.సి.జి. తీయించి, రక్తము మరల పరీక్ష చేయించవలెను. నీరసము, గుండెదడ లేకున్నను సరే. కొందరికి ఏ సూచనయు ఉండదు.

తక్కువైనను ముప్పే. వాంతులు, విరేచనములు, నీరు పోవుటకిచ్చే ఫ్రూసెమైడ్ మాత్రల వలన తగ్గును; పిక్కలు పట్టివేయును. 2.5 కంటె దిగితే గుండెకు అపాయము.

పొటాషియము మన ఇండ్లకు కొత్తది కాదు. చీరాలలో తేలియా రుమాళ్ళకు నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను నానబెట్టిన వారికి ఆ బూడిద క్షారములోని సరుకు ఇదేనని తెలియకపోవచ్చును. చెట్టులో ఉన్నదే బూడిదలో మిగులును. అందుచేతనే పండ్లు, కూరలు, ఎళనీరు అన్నిటిలోను ఇది ఉన్నది. మూత్రపిండములు బాగున్నవారు అరటిపండుకు భయపడనక్కరలేదు. చెడినవారు మాత్రము డాక్టరు నడిగి తినవలెను. కూరముక్కలను ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోస్తే కొంత పోవును. సోడియము తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియము క్లోరైడు కలుపుదురు గనుక దానిని అడుగకుండ వాడరాదు.

లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ మాత్రల వలన కూడ అంకె పెరుగవచ్చును. అంతమాత్రమున వానిని తమంతట తాము మానరాదు. ఆస్పత్రికి పోవునప్పుడు పరీక్ష కాగితముతో పాటు ఇంటిలోని మాత్రల అట్టలన్నియు, నొప్పి మాత్రలతో సహా, సంచిలో వేసికొని పోవలెను. పెద్దాయన అట్ట మూడవ దినమున గాని డాక్టరు కంట పడలేదు.