చక్రవర్తి మెచ్చిన సజ్జ కిచిడీ

చక్రవర్తుల భోజనం అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? నేతిలో మునిగిన పలావులు, మాంసపు వంటకాలు, బాదంపప్పు చల్లిన మిఠాయిలు. మొగలు చక్రవర్తుల వంటశాలలో అలాంటివి ఉండేవి. కాని ఆ వంశంలో నాలుగవ చక్రవర్తి జహంగీరు మెచ్చిన ఒక వంటకాన్ని ఏ పల్లెలోనైనా, ఏ ఇంట్లోనైనా వండుకోవచ్చు. అదే సజ్జ కిచిడీ.

జహంగీరు 1605 నుంచి 1627 వరకు పాలించాడు. 1618 ప్రాంతంలో గుజరాతులో ఉన్నప్పుడు, అక్కడి ప్రజలు సజ్జలూ పప్పూ కలిపి ఉడికించుకుని తింటారని తెలుసుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ దాని రుచి ఎరుగడు. వండించుకుని తిన్నాడు. నచ్చింది. మాంసం ముట్టని రోజుల్లో తనకు తరచుగా ఇది వడ్డించాలని ఆజ్ఞాపించాడు. ఈ సంగతి తన ఆత్మకథలో తానే రాసుకున్నాడు.

బియ్యం, పెసరపప్పు కలిపి మనం వండుకునే పులగానికి ఇది దగ్గర చుట్టమే. మరి ఇది తేలికైన ఆహారమేనా? తేలిక, బరువు అని దేన్నిబట్టి చెబుతాం? లెక్క వేసి చూద్దాం.

అక్బరు వంటశాల లెక్క

జహంగీరు తండ్రి అక్బరు. ఆయన ఆస్థానంలోని అబుల్ ఫజల్ 'అయినీ అక్బరీ' అనే గ్రంథంలో రాచవంటల పాళ్లు రాసిపెట్టాడు. అందులో కిచిడీ కూడా ఉంది. బియ్యం 5 సేర్లు, పప్పు 5 సేర్లు, నెయ్యి 5 సేర్లు, ఉప్పు సేరులో మూడవ వంతు. చూశారా? బియ్యం ఎంతో నెయ్యీ అంతే!

ఆహారం ఇచ్చే శక్తిని కిలోకేలరీల్లో కొలుస్తారు. ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణమే ఒక కిలోకేలరీ. వాడుకలో దీన్నే 'కేలరీ' అనేస్తుంటారు. ఒక గ్రాము పిండిపదార్థం సుమారు 4 కిలోకేలరీలు ఇస్తుంది. మాంసకృత్తులూ అంతే. కొవ్వు మాత్రం గ్రాముకు 9 ఇస్తుంది.

ఇప్పుడు అక్బరు పాళ్లనే 100 గ్రాముల చొప్పున తీసుకుందాం. బియ్యం నుంచి సుమారు 350, పెసరపప్పు నుంచి 325, నెయ్యి నుంచి 900. మొత్తం 1575 కిలోకేలరీలు. ఇందులో సగానికి మించిన శక్తి నెయ్యిదే.

కొవ్వుకు అంత శక్తి ఎక్కడిది?

ఆహారంలోని కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసినప్పుడు శక్తి వెలువడుతుంది. కట్టె మండినా జరిగేది ఇదే. శరీరంలో ఇది మెల్లగా, అనేక దశల్లో, మంట లేకుండా జరుగుతుంది.

గ్లూకోజు అణుసూత్రం చూడండి. 6 కార్బన్లకు 6 ఆక్సిజన్లు ముందే ఉన్నాయి. అంటే అది కొంతవరకు 'కాలిన' ఇంధనం. నెయ్యిలో ఉండే పామిటిక్ ఆమ్లంలో 16 కార్బన్లకు ఉన్నవి రెండే ఆక్సిజన్లు. ఇంకా కాలవలసింది చాలా ఉంది. అందుకే గ్రాముకు అంత ఎక్కువ శక్తి.

తేలికపరిచేది నీరు

ఇప్పుడు మన కిచిడీ వండుదాం. నలుగురి రాత్రి భోజనానికి సజ్జలు 100 గ్రాములు, పెసరపప్పు 100 గ్రాములు, నెయ్యి రెండు చిన్న చెంచాలు, అంటే సుమారు 10 గ్రాములు. సజ్జల మీద కాసిని నీళ్లు చల్లి, దంచి, పొట్టు చెరగాలి. నాలుగైదు గంటలు నానబెట్టి, పప్పు కలిపి, లీటరు నీళ్లు పోసి మెత్తగా ఉడికించాలి. నేతిలో జీలకర్ర, మిరియాలు, ఇంగువ తాలింపు వేసి, ఉప్పు చేర్చాలి.

లెక్క చూడండి: 350 + 325 + 90 = 765 కిలోకేలరీలు. అక్బరు పాళ్లతో వచ్చినదానిలో సగం కూడా లేదు. మనిషికి 190 చొప్పున పడుతుంది. అయినా గిన్నె నిండుగానే ఉంటుంది! ఎందుకని? వేడికి గింజల్లోని పిండిరేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. నీటికి బరువుంది, చోటు కావాలి, కాని కేలరీలు లేవు. సజ్జల్లోని పీచు కూడా అంతే. జీర్ణం కాకుండా కడుపులో చోటు ఆక్రమిస్తుంది. అందుకే తక్కువ శక్తితోనే ఆకలి తీరుతుంది.

కేలరీలు తగ్గితే పోషణ తగ్గాలా?

అసలు సంగతి ఇక్కడే ఉంది. కొందరు బరువు తగ్గాలని ఒక పూట అన్నం మానేస్తారు. అప్పుడు కేలరీలతోపాటు మాంసకృత్తులు, ఇనుము, విటమినులు కూడా పోతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల బాలికల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. వీరు పోగొట్టుకోకూడనిది ఇనుమే.

100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. సజ్జల్లో 6 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఐతే సజ్జల్లోని ఫైటిక్ ఆమ్లం దాన్ని పట్టి ఉంచి, ఒంటికి సరిగా పట్టనివ్వదు. నానబెడితే ఆ ఆమ్లం కొంత తగ్గుతుంది. తినేముందు నిమ్మరసం పిండుకుంటే విటమిన్ సి ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది.

ధాన్యం, పప్పు జోడీలో మరో మేలుంది. ధాన్యపు మాంసకృత్తుల్లో లైసిన్ అనే ఎమైనో ఆమ్లం కొరత. పప్పులో అది సమృద్ధిగా ఉంటుంది. పప్పుకు మెథియోనిన్ కొరత. దాన్ని ధాన్యం పూరిస్తుంది. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. ఇక నెయ్యిని పూర్తిగా మానాలా? అక్కరలేదు. ఎ, డి విటమినులు ఒంటబట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి.

అక్బరు రోజుకు ఒక్కసారే తినేవాడని, అదీ కడుపు నిండకముందే ఆపేవాడని అబుల్ ఫజల్ రాశాడు. ఎదిగే వయసులో ఉన్న మీరు దాన్ని అనుకరించకూడదు. తగ్గించవలసింది పూటలను కాదు, అనవసరపు కొవ్వును.

మీరూ లెక్క వేయండి

మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె వాడతారో అమ్మనో నాన్ననో అడగండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. మొత్తం గ్రాములను ఇంట్లోవారి సంఖ్యతోనూ, 30 రోజులతోనూ భాగించి, 9తో గుణించండి. నలుగురున్న ఇంట్లో 4 లీటర్లు వాడితే, మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే 270 కిలోకేలరీలు. పైన చెప్పిన ఒక పూట కిచిడీ ఇచ్చేదానికంటే ఎక్కువే! మీ ఇంటి లెక్క ఎంత వచ్చిందో తరగతిలో మిత్రుల లెక్కలతో పోల్చి చూడండి.