గడ్డిమోపు కూడా పాడాలి



ఈ ఏడాది యాన్యువల్ డేకి రెండు, మూడు తరగతుల పిల్లలు ‘ఏడు చేపల కథ’ను పాటల నాటకంగా వేస్తున్నారు. ఎవరికి ఏ వేషమో డైరీలో రాసి పంపిన సాయంత్రమే ఒక అమ్మగారు ఫోన్ చేశారు. “మేడమ్, మా వాడికి గడ్డిమోపు వేషమా?” నవ్వుతూనే అడిగారు గానీ, గొంతులో బాధ తెలిసిపోయింది.

కథ మీకు తెలిసిందే. ఏడో చేప ఎండకపోవడానికి గడ్డిమోపు అడ్డం. ఆవు మేయలేదు కాబట్టి గడ్డిమోపు అక్కడే ఉంది. అలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పశువుల కాపరి, అవ్వ, పాప, చివరికి చీమ. ఈ కథలో హీరో లేడు. ప్రతి ఒక్కరికీ ఒక జవాబు ఉంది. గడ్డిమోపు నోరు విప్పకపోతే కథ చీమ దాకా చేరదు. నలభై మంది పిల్లలతో వేయడానికి ఇంతకన్నా మంచి కథ నాకు దొరకలేదు.

ఈసారి లిప్ సింక్ లేదు. పిల్లలే పాడతారు. కొన్నేళ్ల కిందట, వేరే స్కూల్లో, నేను తయారు చేయించిన ప్రోగ్రాంలో పాట మధ్యలో పెన్ డ్రైవ్ ఆగిపోయింది. పిల్లలు పెదవులు ఆడిస్తూనే ఉన్నారు. శబ్దం లేదు. హాల్లో నవ్వులు. వెనక వరుసలో ఒక బాబు ఏడ్చేశాడు. నేను వాళ్లకు స్టెప్పులన్నీ నేర్పాను, పాట నేర్పలేదు. తప్పు పెన్ డ్రైవ్‌ది కాదు.

స్టేజీ మీద పాడుతూ నటించడం పిల్లల వల్ల కాదనుకుంటే ఒకసారి సురభి నాటకం చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి ‘కీచకవధ’తో మొదలైన ఆ నాటక కుటుంబాలు ఇప్పటికీ ప్రదర్శనలు ఇస్తున్నాయి. చాలామంది కళాకారులు లింగంపల్లి దగ్గరే ఉంటారు, బేగంపేట స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కితే చాలు. అక్కడ పిల్లలు చిన్న వయసులోనే వేషం కడతారు. నటులే పాడతారు, పక్కన హార్మోనియం, తబలా. ‘మాయాబజార్’లో బాణాలు గాలిలో ఢీకొంటే మనం చప్పట్లు కొడతాం. వాటి తీగలు లాగేది తెర పక్కన మనకు కనిపించకుండా నిలబడ్డ ఇంటి మనుషులే. మీ నుంచి మేం అడిగేదీ అలాంటి సాయమే.

ముందు పాట సంగతి. ఏడెనిమిదేళ్ల పిల్లల గొంతు సుఖంగా పలికేది కొద్ది స్వరాలే. హార్మోనియం తెలిసినవాళ్లకు చెప్పాలంటే, ఒకటో శ్రుతిలో మధ్య షడ్జమం నుంచి పై షడ్జమం దాకా, అటూ ఇటూ ఒకటి రెండు స్వరాలు. నాన్నగారు తన గొంతుకు తగ్గట్టు అందుకుంటే పిల్లలకు మరీ కిందికి పోతుంది, గొణుగుతారు. మరీ పైన అందుకుంటే అరుస్తారు. అందుకే మా మ్యూజిక్ సార్ శ్రుతితో పాటు వాయిస్ నోట్ పంపుతున్నారు. ఇంట్లో అక్కడి నుంచే మొదలుపెట్టించండి. రెండు సార్లు విన్నాక ఫోన్ పక్కన పెట్టేయండి, పాప ఒంటరిగా పాడాలి. “గట్టిగా పాడు” అనకండి, మెడ నరాలు బిగుస్తాయి. “నోరు బాగా తెరువు, మాట స్పష్టంగా పలుకు” అంటే చాలు. దూరానికి వినిపించే బాధ్యత మైకుది. యాక్షన్ మాత్రం దయచేసి ఇంట్లో నేర్పొద్దు. గత ఏడాది ఒక్కో ఇంటి నుంచి ఒక్కో నమస్కారం వచ్చింది!

కాస్ట్యూమ్‌కి అద్దె షాపుల చుట్టూ తిరగక్కర్లేదు. పాత చున్నీ, జనరల్ బజార్‌లో దొరికే వెండి రంగు లేసు, అంతే చేప. లోపల కాటన్ బనియన్ ఉండాలి, లైట్ల కింద నైలాన్ మంట పెడుతుంది. వీపు మీద జిప్ వద్దు. ఎందుకో బాత్రూం డ్యూటీ చేసిన ఏ టీచర్‌నైనా అడగండి. సాక్సులతో స్టేజీ ఎక్కితే జారిపడతారు. మేకప్ రంగు ముందు రోజే మోచేతి లోపల కాస్త రాసి చూడండి, ఎర్రబడితే మాకు చెప్పండి, బొట్టూ కాటుకతో సరిపెడదాం.

తెర పక్కన ఆరుగురు పెద్దవాళ్లు కావాలి. ఒక షరతు: మీ బిడ్డ ఉన్న గుంపు మీకు ఇవ్వం. మీవాడు తడబడితే మీ ముఖం చూస్తాడు, మీ ముఖంలో కంగారు చూస్తే మిగతా లైనూ మర్చిపోతాడు. పక్కింటి బాబు తడబడితే మీరు చల్లగా మొదటి మాట అందించగలరు. హాల్లో కూర్చునేవాళ్లకూ అదే మాట. వీడియో కోసం స్టేజీ ముందుకు రాకండి. రికార్డింగ్ మేమే చేయించి పంపుతాం.

ఆ అమ్మగారికి నేను ఫోన్లో ఇంత చెప్పలేకపోయాను. “వాడు ఒక్కడే పాడే లైను ఉందండీ” అన్నాను. నిజంగానే ఉంది. ఆవు మీద నేరం మోపే లైను, నాటకంలో అన్నిటికన్నా నవ్వు తెప్పించేది అదే.

రిహార్సల్స్ వచ్చే శనివారం మొదలు, మధ్యాహ్నం రెండింటికి. పంజాగుట్ట వైపు నుంచి వచ్చేవాళ్లు ట్రాఫిక్ చూసుకుని బయల్దేరండి. మీ ఇంట్లో హార్మోనియం వాయించే తాతయ్యలు, అమ్మమ్మలు ఎవరైనా ఉంటే డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి. గడ్డిమోపులో ఇంకా ఇద్దరికి చోటుంది.