పాత ఐరోపా ముద్రిత చిత్రాలు: సేకరణ, స్థితి పరిశీలన

పరిచయం

చిత్రలేఖనం ఒక్కటే ఉంటుంది. ముద్రిత చిత్రానికి మాత్రం ఒకే రాగి ప్లేటు నుంచి వందల కొద్దీ ప్రతులు వస్తాయి. అందుచేత సేకరించేవారు "ఇది ఎవరి చిత్రం?" అని అడిగి ఆగిపోతే సరిపోదు. "ఇది ఆ చిత్రానికి ఎటువంటి ప్రతి?" అని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్నకు జవాబు వెతకడాన్నే స్థితి పరిశీలన అంటారు.

ఇందులో రెండు వేర్వేరు అంశాలున్నాయి. మొదటిది ముద్రణ నాణ్యత, అంటే ప్లేటు మీది గీత కాగితం మీదికి ఎంత బాగా దిగిందనేది. రెండోది కాగితం స్థితి, అంటే ముద్రణ తరువాత ఆ కాగితానికి ఏమేమి జరిగిందనేది. కొత్తవారు ఈ రెంటినీ కలిపేసి, తెల్లగా శుభ్రంగా ఉన్నదే మంచి ప్రతి అనుకుంటారు. ఈ అభిప్రాయం ఎందుకు తప్పో ఈ పాఠంలో చూద్దాం. ఇందుకు ఇటలీ చిత్రకారుడు జొవాన్ని బాటిస్టా పిరనేసి రోమ్ నగర దృశ్యాలను ఉదాహరణగా తీసుకుందాం.

ముందు ప్రశ్న: ఇది నిజంగా పాత ముద్రణేనా?

ఏ చిత్రాన్నైనా మొదట పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడాలి. ఎచింగ్, ఎన్‌గ్రేవింగ్ పద్ధతుల్లో గీత అఖండంగా ఉంటుంది. సిరా కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా నిలుస్తుంది. ప్రెస్సు ఒత్తిడికి ప్లేటు అంచు కాగితంలోకి దిగబడి, చిత్రం చుట్టూ ఒక చతురస్రపు పల్లం ఏర్పడుతుంది. దీన్ని ప్లేటు ముద్ర అంటారు. ఇటువంటి గీతలకు బదులు, ఒక క్రమంలో పేర్చినట్లున్న రంగు చుక్కలు కనిపిస్తే అది ఆధునిక యంత్ర ముద్రణ.

మన దేశంలో ఈ పరీక్షకు చాలా ఉపయోగం ఉంది. థామస్ డేనియల్, విలియం డేనియల్ మన దేశంలో పర్యటించి వెళ్లాక, 1795 నుంచి 1808 వరకు లండన్‌లో 'ఓరియంటల్ సీనరీ' పేరుతో 144 ఆక్వాటింట్ దృశ్యాలు ప్రచురించారు. ఇళ్లలో, హోటళ్లలో గోడలకు కనిపించే డేనియల్ చిత్రాల్లో ఎక్కువ భాగం ఆ దృశ్యాలకు ఆధునిక నకళ్లే. అసలు ఆక్వాటింట్‌ను భూతద్దంతో చూస్తే చుక్కల వరుసలు కనిపించవు. సన్నని, క్రమం లేని వల వంటి రేణువులు కనిపిస్తాయి.

ఒకే ప్లేటు, అనేక కాలాలు

పిరనేసి 1740ల చివరి నుంచి 1778లో మరణించే వరకు రోమ్ దృశ్యాలు చెక్కుతూనే ఉన్నాడు. ఈ శ్రేణిలో ఆయన ప్లేట్లు 135. ఆయనతోపాటు ఆ ప్లేట్ల జీవితం ముగిసిపోలేదు. కొడుకు ఫ్రాంచెస్కో 1799లో వాటిని పారిస్‌కు తీసుకుపోయి అక్కడ ముద్రించాడు. తరువాత ఫర్మా దిదో సంస్థ 1830ల్లో మళ్లీ ముద్రించింది. ఆ దశకం చివర ప్లేట్లు తిరిగి రోమ్ చేరాయి. అక్కడ కూడా ముద్రణ సాగింది. ఆ విధంగా "పిరనేసి చిత్రం" అని చెప్పదగిన ప్రతుల మధ్య నూరేళ్లకు పైగా తేడా ఉండవచ్చు.

రాగి మెత్తని లోహం. ప్రతి ముద్రణలోనూ ప్లేటును తుడుస్తారు, బలంగా ఒత్తుతారు. ముందుగా అరిగిపోయేవి సన్నని గీతలు. కాబట్టి మీ చూపు మొదట ఆకాశం మీద, దూరాన ఉన్న కట్టడాల మీద, నీడల లోపలి భాగాల మీద పడాలి. మంచి ప్రతిలో నలుపుకూ తెలుపుకూ మధ్య ఎన్నో బూడిదరంగు ఛాయలు ఉంటాయి. నీడలో ఉన్న రాళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అరిగిన ప్లేటు ప్రతిలో ఈ మధ్య ఛాయలు పోతాయి. ఆ లోపాన్ని కప్పడానికి సిరా ఎక్కువగా పట్టిస్తే, చిత్రం బాగా నల్లగా కనబడినా నీడలు ముద్ద కట్టిపోతాయి.

ప్లేటులో మార్పు చేసిన ప్రతిసారీ ఏర్పడే రూపాన్ని 'దశ' అంటారు. పిరనేసి దృశ్యాల దశలను ఆర్థర్ హైండ్ 1922లో ప్రచురించిన గ్రంథంలో వర్గీకరించాడు. పారిస్ ముద్రణల కోసం ప్లేట్లపై అంకెలు చేర్చారు. అటువంటి అంకె కనిపిస్తే ఆ ప్రతి చిత్రకారుని జీవితకాలానిది కాదు.

కాగితం చెప్పే సాక్ష్యం

కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. పాత చేతి కాగితంలో దగ్గర దగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా దూరం దూరంగా మరికొన్ని గీతలు కనిపిస్తాయి. ఇది లెయిడ్ కాగితం. ఈ గీతలు లేకుండా సమంగా ఉండేది వోవ్ కాగితం. ఇది ఐరోపా పుస్తకంలో మొదట కనిపించింది 1757లో, ఇంగ్లండులో. రెంబ్రాంట్ 1669లో మరణించాడు కాబట్టి, వోవ్ కాగితం మీద ఉన్న రెంబ్రాంట్ ఎచింగ్ ఆయన కాలంలో ముద్రించింది కాదని వెంటనే చెప్పవచ్చు. అయితే దీన్ని తిరగేసి వాదించకూడదు. లెయిడ్ కాగితం తరువాతి కాలంలోనూ తయారైంది గనుక, అది ఒక్కటే ప్రాచీనతకు రుజువు కాదు. కాగితంలో కనిపించే నీటిగుర్తును కూడా పరిశీలించాలి. ఇందుకు 1907లో బ్రికే ప్రచురించిన నీటిగుర్తుల నిఘంటువు నేటికీ ఆధారం. అందులో 1600కు పూర్వపు గుర్తులు పదహారు వేలకు పైగా ఉన్నాయి.

నష్టాలను తూకం వేయడం

అన్ని లోపాలూ సమానం కావు. పిరనేసి దృశ్యాలను సంపుటాలుగా కుట్టించుకోవడం ఆనాటి అలవాటు. అందువల్ల కాగితం మధ్యలో నిలువుగా ఉన్న మడత సహజమైనదే. ఆ మడత వెంట కాగితం చీలితే మాత్రం అది లోపం. మార్జిన్ల విషయంలోనూ ఇంతే. పదహారు, పదిహేడు శతాబ్దాల చిత్రాలను సేకర్తలు ప్లేటు ముద్ర దాకా కత్తిరించి ఆల్బమ్‌లలో అంటించుకునేవారు. కాబట్టి డ్యూరర్ ప్రతికి సన్నని మార్జిన్ ఉన్నా అదృష్టమే. పిరనేసి ప్రతికి వెడల్పైన మార్జిన్ లేకపోతే ఎందుకు లేదని అడగాలి.

తేమ వల్ల వచ్చే గోధుమరంగు చుక్కలు, పటం కట్టిన ఆమ్లపు అట్ట వల్ల ఏర్పడిన గోధుమరంగు పట్టీ చూపును చెడగొడతాయి గాని గీతను చెరపవు. వెనుక అంటించిన కాగితం పీకినప్పుడు పలచబడిన చోట్లు, చిత్రం లోపలికి పాకిన చీలికలు, పెన్నుతో దిద్దిన గీతలు అంతకంటే తీవ్రమైనవి.

శుభ్రం చేయడంలోని ప్రమాదం

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు మచ్చలు పడిన ఒక చిన్న ఎచింగ్ కొన్నాను. మచ్చలు పోగొట్టాలని ఇంట్లోనే బ్లీచింగ్ ద్రావణంలో ముంచాను. కాగితం తెల్లబడింది. వెనుక వైపున్న చిన్న నీలి సిరా ముద్ర కూడా దాంతోపాటే పోయింది. అది పాత యజమాని గుర్తు. అటువంటి గుర్తులను లుగ్ట్ 1921లోనే ఒక గ్రంథంగా సంకలనం చేశాడు. దాన్ని తెరిచి చూసి ఉంటే ఆ చిత్రం ఎవరెవరి చేతులు మారి వచ్చిందో తెలిసేదేమో. ఇప్పుడు ఎవరికీ తెలియదు. పైగా కొన్నేళ్లకు కాగితం దూదిలా మెత్తబడి మళ్లీ పసుపెక్కింది.

కాబట్టి గుర్తుంచుకోండి: మచ్చను నిపుణులు తరువాతైనా తీయగలరు, పోయిన సాక్ష్యాన్ని ఎవరూ తేలేరు. మీ చేతికి వచ్చిన చిత్రాన్ని కడగకండి, కత్తిరించకండి, సెల్లోటేపు అంటించకండి. ఆమ్లరహిత అట్టల మధ్య, ఎండా తేమా తగలని చోట చదునుగా ఉంచితే చాలు.

సారాంశం

పరిశీలనను ఎప్పుడూ ఒకే క్రమంలో చేయండి: భూతద్దంతో గీత, పక్కనుంచి పడే వెలుతురులో ప్లేటు ముద్ర, వెలుతురుకు అడ్డంగా కాగితం, చివరగా వెనుక వైపు. పటంలోంచి తీయనివ్వని చిత్రాన్ని కొనవద్దు. అరిగిన ప్లేటు నుంచి వచ్చిన తెల్లని ప్రతి కంటే, అంచు చిరిగినా గీత నిండుగా ఉన్న ప్రతే చిత్రకారుని చేతికి దగ్గరగా ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ముద్రణ నాణ్యతకూ కాగితం స్థితికీ తేడా ఏమిటి?
2. వోవ్ కాగితం ఏ విషయాన్ని రుజువు చేస్తుంది? లెయిడ్ కాగితం ఏ విషయాన్ని రుజువు చేయలేదు?
3. పిరనేసి ప్రతిలో మధ్య మడతను ఎప్పుడు లోపంగా పరిగణించాలి?